లాకప్ తనిఖీకి వెళ్తున్నారా? ముందు డ్యూటీ చార్టు అడగండి

చెన్నైలో పోలీసు స్టేషన్ లాకప్‌నో, సైదాపేట సబ్‌జైలునో, పుళల్ జైలునో తనిఖీ బృందంతో కలిసి చూసే అవకాశం వచ్చిన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థలో ప్యానెల్ లాయరు కావచ్చు, పారా లీగల్ వాలంటీరు కావచ్చు, లా చదువుతున్న విద్యార్థి కావచ్చు, జైలు సందర్శకుల బోర్డుకు నామినేట్ అయిన సామాజిక కార్యకర్త కావచ్చు.

మొదటిసారి వెళ్లినవాళ్లు గోడలు చూస్తారు. కొత్తగా సున్నం కొట్టి ఉంటే బాగుందని రాస్తారు, మరకలుంటే బాగాలేదని రాస్తారు. సున్నం ఒక్క పూటలో కొట్టించొచ్చు. రాత్రి రెండు గంటలకు లోపలి మనిషికి మూర్ఛ వస్తే తాళం తీయడానికి ఎవరైనా ఉన్నారా లేదా అన్నది మాత్రం ఒక్క పూటలో సర్దేసే పని కాదు. కస్టడీలో మనిషి నలిగిపోయిన ఏ కేసు తీసుకున్నా, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, ఎంతసేపటి నుంచి ఉన్నారు, వాళ్లను అడిగేవాళ్లెవరు అన్న ప్రశ్నల దగ్గరికే వచ్చి ఆగుతాం. అందుకే నేను తనిఖీని సిబ్బంది లెక్కతో మొదలుపెడతాను. మీరూ అలాగే చేయాలని నా కోరిక.

లోపలికి ఏ అధికారంతో?

మామూలు పౌరుడు నేరుగా వెళ్లి లాకప్ చూపించమంటే స్టేషన్ చూపించదు. మీ చేతిలో ఉత్తర్వు ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే లేఖ అందరికీ అందుబాటులో ఉన్న దారి. రాష్ట్ర సంస్థ కార్యాలయం హైకోర్టు ప్రాంగణంలో, నార్త్ ఫోర్ట్ రోడ్డు మీద ఉంది. మానవ హక్కుల కమిషన్‌కైతే 1993 చట్టం 12వ సెక్షన్ కిందే సందర్శించే అధికారం ఉంది. ప్రభుత్వానికి ముందుగా తెలియజేసి వెళ్లాలన్న షరతును 2006 సవరణ తీసేసింది. జైళ్లకు సందర్శకుల బోర్డు ఉంటుంది. జిల్లా జడ్జి, కలెక్టరు లాంటి అధికారులతో పాటు అనధికార సభ్యులు కూడా అందులో ఉంటారు.

చెప్పకుండా వెళ్లడం మర్యాద కాదని కొందరు పెద్దలు అంటారు. 1983లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టే బొంబాయి నగరంలోని లాకప్‌లను ఒక సెషన్స్ జడ్జి, వీలైతే మహిళా జడ్జి, అప్పుడప్పుడు ఆకస్మికంగా చూసి రావాలని ఆదేశించింది. ఆకస్మిక తనిఖీ ఎవరినీ అవమానించడానికి కాదు. అక్కడ రోజూ జరిగేదేమిటో తెలుసుకోవడానికి వేరే మార్గం లేదు.

ఉత్తర్వు దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, మహిళా సిబ్బంది ఎందరు, కెమెరా రికార్డింగు ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది అని అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి.

బృందం, వేళ

కనీసం ముగ్గురు వెళ్లండి. ఒకరు రికార్డులు చూడాలి, ఒకరు గదులు చూడాలి, ఒకరు మనుషులతో మాట్లాడాలి. ఒక మహిళ తప్పనిసరి. డాక్టరు దొరికితే ఎంతో మేలు. మన చెన్నై తెలుగువాళ్లలో చాలామందిమి తమిళం గలగలా మాట్లాడతాం కానీ, హెడ్ కానిస్టేబుల్ చేతిరాత చదవమంటే తడబడతాం. కాబట్టి తమిళ దస్తూరి చదవగలిగినవాళ్లు ఒకరు బృందంలో ఉండాల్సిందే.

పగలు పదకొండింటికి వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి పది దాటాక వెళ్లండి, లేదా తెల్లవారుజామున డ్యూటీ మారే వేళకు వెళ్లండి. శనివారం రాత్రి మరీ ముఖ్యం. చేపాక్‌లో మ్యాచ్ ఉన్న సాయంత్రం, వినాయక నిమజ్జనం రోజు, పెద్ద రాజకీయ సభ ఉన్న రోజు స్టేషన్ మొత్తం బందోబస్తుకు వెళ్లిపోతుంది. లాకప్ దగ్గర ఎవరు మిగిలారో చూడాలంటే ఆ రోజుల్లోనే చూడాలి. నోటుపుస్తకం, కొలిచే టేపు, టార్చి, చేతి గడియారం తీసుకెళ్లండి. జైల్లోకి ఫోన్ రానివ్వరు, గడియారం అందుకే.

మొదటి అరగంట: మనుషుల లెక్క

లోపలికి వెళ్లగానే కూర్చోమంటారు, టీ తెప్పిస్తామంటారు. నమస్కారం చెప్పి, ఉత్తర్వు చూపించి, డ్యూటీ చార్టు అడగండి. మీకు కావలసినవి నాలుగు అంకెలు: మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, అందులో అదర్ డ్యూటీ మీద వేరేచోట పనిచేస్తున్నవాళ్లు, ఈ నిమిషాన స్టేషన్‌లో ఉన్నవాళ్లు. నివేదికల్లో మొదటి రెండే కనిపిస్తుంటాయి. లోపలున్న మనిషికి పనికొచ్చేది నాలుగో అంకె ఒక్కటే.

తర్వాత ఒక చిన్న గుణకారం చేయండి. లాకప్ ముందు ఒక సెంట్రీ 24 గంటలూ ఉండాలంటే, ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన ఏడాదికి 365 రోజులు, మూడు షిఫ్టులు, మొత్తం 1,095 డ్యూటీలు. వారానికో సెలవు, మిగతా సెలవులు, శిక్షణ, కోర్టు పని పోగా ఒక మనిషి ఏడాదిలో 270 రోజులు దొరికితే గొప్ప. అంటే ఒక్క సెంట్రీ స్థానానికి నలుగురు కావాలి. మహిళా నిందితుల్ని ఉంచే స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్‌కూ ఇదే లెక్క. చార్టులో ఇద్దరే ఉంటే, ఒకరు పన్నెండు గంటలు నిలబడుతున్నారు, లేదా కొన్ని గంటలు ఎవరూ ఉండటం లేదు. రెండింటిలో ఏది జరుగుతోందో అడిగి రాసుకోండి.

ఆ జవాబు సెంట్రీ రిలీఫ్ పుస్తకంలో దొరుకుతుంది. ఎవరు ఎప్పుడు ఎవరి నుంచి డ్యూటీ తీసుకున్నారో అందులో సంతకాలుంటాయి. రాత్రంతటి సంతకాలూ ఒకే సిరాతో, ఒకే దస్తూరితో, ఒకే ఒత్తిడితో ఉంటే అవి పొద్దున్నే కూర్చుని రాసినవి. ఆ పేజీ ఫోటో తీసుకునే అనుమతి అడగండి. కుదరదంటే పేజీ సంఖ్య, తేదీ రాసుకోండి.

తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. లాకప్ తెరవమని చెప్పి గడియారం చూసుకోండి. అడిగిన క్షణం నుంచి తలుపు తెరుచుకునే దాకా ఎంతసేపు పట్టిందో మీ నివేదికలో తప్పకుండా ఉండాలి. తాళంచెవి ఉన్న ఎస్సై రౌండ్స్‌కి వెళ్లి, ఆయన వచ్చేదాకా అందరూ వేచి చూసే స్టేషన్లు ఉన్నాయి. అగ్నిప్రమాదానికైనా, గుండెపోటుకైనా అక్కడ దొరికే సహాయం అంతే ఆలస్యంగా వస్తుంది.

ఇక రికార్డులు. అన్నీ తిరగేయాలని చూస్తే తెల్లారిపోతుంది. లోపలున్న ఒక్క మనిషిని ఎంచుకుని, అతని వెంటే అన్ని పుస్తకాల్లోనూ నడవండి. అరెస్టు మెమోలో ఎన్ని గంటలకు పట్టుకున్నట్టుంది? స్టేషన్‌లో రోజూ జరిగేవన్నీ రాసే జనరల్ డైరీలో ఎన్ని గంటలకు వచ్చినట్టుంది? ఒంటిమీది వస్తువులు రాసే సెర్చ్ రిజిస్టరులో ఏ సమయం ఉంది? డాక్టరు చీటీ మీద ఏ సమయం ఉంది? మెమో మీద ఇంటివాళ్లో, వీధిలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేశారా? ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 58వ సెక్షన్ చెబుతున్నాయి. 2024 జూలై 1 నుంచి పాత నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) స్థానంలో వచ్చిన చట్టం ఇది. పాత సెక్షన్ నంబర్లతో మాట్లాడితే అక్కడి అధికారి మిమ్మల్ని సవరిస్తాడు, మీ మాట విలువ తగ్గుతుంది. కొత్త నంబర్లు రాసి పెట్టుకోండి.

రికార్డులో లేని మనుషుల సంగతి అన్నిటికన్నా కష్టమైనది. "ఊరికే విచారణకు పిలిచాం సార్" అని చెప్పి బెంచీ మీద కూర్చోబెట్టినవాళ్లు, రికార్డులు రాసే రైటర్ గదిలో ఉన్నవాళ్లు, వెనకాల క్వార్టర్స్ వైపు ఉన్నవాళ్లు ఏ పుస్తకంలోనూ కనిపించరు. లాకప్ ఖాళీగా ఉందని సంతోషించి వెనక్కి రాకండి. స్టేషన్‌లో పోలీసు కాని ప్రతి మనిషినీ పేరు, ఎప్పుడు వచ్చారు, వెళ్లిపోవచ్చా అని అడగండి. మూలన విప్పి ఉన్న చెప్పుల జతలు లెక్కపెట్టండి. రాత్రి హోటల్ నుంచి ఎన్ని పొట్లాలు తెప్పించారో అడగండి. చెప్పులు ఆరు జతలు, పొట్లాలు ఆరు, రిజిస్టరులో పేర్లు రెండు ఉంటే, మిగతా నలుగురు ఎవరో తేలేదాకా అక్కడి నుంచి కదలకండి.

గది

గదిలో వాసన, వెలుతురు, గాలి, నీళ్లు చూడటం ఎవరికైనా తెలుసు. ఎవరూ చూడనివి రెండు చెబుతాను.

మొదటిది టాయిలెట్ నేల. చేతికో కాలికో కట్టుతో నిందితుడి ఫోటో, పక్కనే "బాత్‌రూంలో జారిపడ్డాడు" అన్న వివరణ, ఇవి చెన్నైలో పేపరు చదివేవాళ్లందరికీ పరిచయమే. కాబట్టి టాయిలెట్ నేల సిమెంటుదా, టైల్సా, తడిగా ఉందా, పాచి పట్టిందా, పట్టుకోవడానికేమైనా ఉందా అన్నది తేదీతో సహా రాయండి. రేపు ఎవరైనా జారిపడ్డారని చెబితే ఆ మాటను మీ కాగితం పక్కన పెట్టి చూడొచ్చు. నేల నిజంగానే జారేలా ఉంటే దాన్ని వెంటనే బాగు చేయించమని రాయడం కూడా మీ పనే.

రెండోది ఉరికి వీలిచ్చే చోట్లు. కిటికీ ఊచలు, కుళాయి, పైకి తేలిన వైరు, చిరిగిన దుప్పటి. నిలబడి చూస్తే సరిపోదు, కింద కూర్చుని చూడండి. కూర్చున్న ఎత్తులో ఉన్న కుళాయి కూడా ప్రాణం తీస్తుంది. సెంట్రీ కుర్చీలో కూర్చుని లోపల ఏ మూల కనిపించడం లేదో కూడా గమనించండి.

కెమెరా

2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ గేటు, లాకప్‌లు, వరండాలు, ఇన్స్‌పెక్టర్ గది, టాయిలెట్ల బయట, ఆవరణ ముందూ వెనకా కెమెరాలు ఉండాలంది. రాత్రి చూపు ఉండాలి, మాట కూడా రికార్డు కావాలి. రికార్డింగు 18 నెలలు నిల్వ ఉండాలి, అంత సామర్థ్యం ఉన్న పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది.

కెమెరాలు ఉన్నాయని రాసి ముగించకండి. అదే ఏడాది జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో జయరాజ్, ఆయన కొడుకు బెన్నిక్స్ పోలీసుల దెబ్బలకు చనిపోయారు. హైకోర్టు పంపితే వెళ్లిన మేజిస్ట్రేటు చూసినదేమిటంటే, స్టేషన్‌లో కెమెరాలున్నాయి, హార్డ్ డిస్క్‌లో ఒక టెరాబైట్ స్థలమూ ఉంది, కానీ ఏ రోజు రికార్డింగు ఆ రోజే చెరిగిపోయేలా సెట్టింగు పెట్టి ఉంది. ఆ రాత్రి ఏం జరిగిందో బయటపడటానికి తోడ్పడింది డ్యూటీలో ఉన్న ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ చెప్పిన సాక్ష్యం. మీరు మానిటర్ ముందు కూర్చుని, సరిగ్గా 30 రోజుల కిందటి తెల్లవారుజాము మూడు గంటల దృశ్యం చూపించమనండి. వస్తే నిల్వ ఉంది. రాకపోతే లేదు. తర్వాత ఆరు నెలల వెనక్కి వెళ్లండి.

లోపలి మనిషితో మాట

పోలీసుల చెవికి అందని దూరంలో, వాళ్ల కంటికి కనిపించేచోట మాట్లాడండి. ముందు మీరెవరో చెప్పండి. మీరు విడిపించడానికి రాలేదనీ చెప్పండి. లేని ఆశ పెట్టకూడదు. "కొట్టారా?" అని మొదలుపెట్టకండి, ఆ ప్రశ్నకు భయపడే జవాబు వస్తుంది. ఎప్పుడు తిన్నావు, రాత్రి ఎక్కడ పడుకున్నావు, మంచినీళ్లు అడిగితే ఎంతసేపటికి ఇచ్చారు, ఇంట్లో ఎవరికి తెలుసు అని అడగండి. దెబ్బల సంగతి అడగకుండానే వస్తుంది, లేదా నడకలో కనిపిస్తుంది.

మన భాష తెలిసిన మనిషి కనిపిస్తే లాకప్‌లోని తెలుగువాళ్ల ముఖం ఎలా మారుతుందో చూశాను. చెన్నై కట్టడాల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలున్నారు, కాశిమేడు రేవులో మన కోస్తా జాలర్లున్నారు. "ఏ ఊరు బాబూ?" అంటే "పలాస దగ్గరమ్మా, ఇక్కడేం రాయించుకున్నారో నాకు తెలీదు" అని కన్నీళ్లు పెట్టుకున్న కుర్రాడి సంతకం తమిళ కాగితం కింద ఉంది. చదివి వినిపించినవాళ్లు లేరు. ఇది చిన్న లోపం కాదు. అరెస్టుకు కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, అది కుదరని సందర్భంలో రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా అందాలని 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలుగులో రాసిన కాగితం ఉందా అని అడగండి. స్టేషన్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఎవరు, వాళ్లు లేని రాత్రి ఎవరిని పిలుస్తారు అన్నది కూడా సిబ్బంది లెక్కలోకే వస్తుంది.

ఆరోగ్యం దగ్గర కాసేపు ఆగండి. 1996 నాటి సుప్రీంకోర్టు డి.కె.బసు తీర్పు ప్రకారం కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకూ డాక్టరు చూడాలి. షుగర్ మందులు, ఫిట్స్ మాత్రలు, ఆస్తమా పంపు ఇంటి దగ్గర ఉండిపోయాయేమో అడగండి. రోజూ తాగే అలవాటున్నవాళ్లను చివరిసారి ఎప్పుడు తాగారో తప్పక అడగండి. తాగుడు ఒక్కసారిగా ఆగిపోతే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతిభ్రమించి ప్రాణాల మీదికి రావచ్చు. సెంట్రీకి అది నటనలా కనిపిస్తుంది. నటన కాదని, ఆ లక్షణాలు కనిపిస్తే 108కి ఫోన్ చేసి స్టాన్లీకో, కీల్పాక్‌కో, రాయపేటకో, సెంట్రల్ ఎదుటి జనరల్ ఆస్పత్రికో, ఏది దగ్గరైతే అక్కడికి పంపాలని అక్కడికక్కడే చెప్పండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు హక్కు ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు కాగితం మీద రాసి వాళ్ల చేతికి ఇవ్వండి.

కానిస్టేబుల్‌తో మాట

దీన్ని చాలా బృందాలు వదిలేస్తాయి. 2014లో పోలీసు పరిశోధన, అభివృద్ధి బ్యూరో చేయించిన అధ్యయనంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలు దాటి పనిచేస్తున్నట్టు, 73.6 శాతం మందికి నెలకు ఒక్క వారాంతపు సెలవు కూడా దొరకనట్టు తేలింది. తమిళనాడు ప్రభుత్వం 2021లో కానిస్టేబుళ్లకూ హెడ్ కానిస్టేబుళ్లకూ వారానికో సెలవు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. అది ఈ స్టేషన్‌లో అమలవుతోందా అని కానిస్టేబుల్‌నే అడగండి. చివరి సెలవు ఎప్పుడు? నిన్న ఎన్ని గంటలు నిద్రపోయారు? మహిళా సిబ్బందికి బట్టలు మార్చుకునే గది ఉందా? ప్రథమ చికిత్స ఎవరైనా నేర్పారా? పద్దెనిమిది గంటలుగా నిలబడి ఉన్న మనిషి చేతికి ఇంకో మనిషి ప్రాణం అప్పగించడం రెండువైపులా అన్యాయం. పేర్లు మాత్రం నివేదికలో రాయకండి, నిజం చెప్పినందుకు వాళ్లకు బదిలీ రాకూడదు.

పుళల్‌లో అయితే

జైల్లో కొలతలు వేరు. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా జైలు మాన్యువల్ చేతిలో పెట్టుకోండి. బ్యారక్‌లో ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్ల నేల, రోజుకు 135 లీటర్ల నీళ్లు, ఆరుగురు ఖైదీలకు ఒక గార్డు, 300 మందికి ఒక డాక్టరు, 200 మందికి ఒక కరెక్షనల్ (ఖైదీల సంస్కరణ చూసే) అధికారి, 500 మందికి ఒక సైకాలజిస్టు లేదా కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది.

టేపు ఇక్కడ పనికొస్తుంది. బ్యారక్ 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉందనుకోండి, 90 చదరపు మీటర్లు. 24 మంది పడుకోవచ్చు. అక్కడ 40 మంది పడుకుంటుంటే తలా రెండుంబావు చదరపు మీటర్లు మిగులుతుంది. "రద్దీగా ఉంది" అని రాసే బదులు ఈ లెక్క రాయండి. 1,200 మంది ఉన్న జైలుకు నలుగురు డాక్టర్లు, ఆరుగురు కరెక్షనల్ అధికారులు ఉండాలి. ఎందరున్నారు? వారిలో రాత్రి ఎందరుంటారు?

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడాన్ని కొట్టేసింది, రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది, న్యాయ సేవాధికార సంస్థలూ సందర్శకుల బోర్డులూ కలిసి తనిఖీ చేయాలంది. చెన్నైలో పారిశుద్ధ్య పనిలో మన తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలు లోపలికి వెళ్తే వాళ్ల చేతికే చీపురు వస్తోందా అన్నది మనం అడగకపోతే ఎవరడుగుతారు? వంటగదిలో ఎవరున్నారో, టాయిలెట్లు ఎవరు కడుగుతున్నారో డ్యూటీ పట్టిక చూసి, వాళ్లతో విడిగా మాట్లాడండి.

ఫిర్యాదుల పెట్టె తాళంచెవి జైలు సిబ్బంది దగ్గరే ఉంటే అది ఉన్నా లేనట్టే. ఎవరు తెరుస్తారో, చివరిసారి ఎప్పుడు తెరిచారో రాసుకోండి.

పిల్లల విషయం ఒక్క మాటలో: 18 ఏళ్లు నిండనివాళ్లను లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచడానికి 2015 బాలల న్యాయ చట్టం 10వ సెక్షన్ ఒప్పుకోదు. లేత ముఖం కనిపిస్తే వయసు రుజువు అడిగి, అనుమానముంటే ఆ రాత్రే బాలల న్యాయ మండలికి తెలియజేయండి. నేరారోపణ ఉన్న పిల్లలను ఉంచే కెల్లీస్ అబ్జర్వేషన్ హోమ్ లాంటి చోట్లకు విడిగా తనిఖీ కమిటీలున్నాయి. కనీసం మూడు నెలలకోసారి, ఒక మహిళ, ఒక వైద్యాధికారి సహా ముగ్గురికి తగ్గకుండా వెళ్లి, వారంలో నివేదిక ఇవ్వాలి.

నివేదిక

అదే రాత్రి రాయండి. కంటితో చూసింది, పుస్తకంలో ఉన్నది, ఒకరు చెప్పింది, ఈ మూడింటినీ కలపకండి. ప్రతి వాక్యం ఈ మూడింటిలో ఏదో ఒకటిగా తేలాలి. "సిబ్బంది కొరత ఉంది" అని రాస్తే ఎవరూ కదలరు. "ఫలానా తేదీ రాత్రి 11.40కి లాకప్‌లో ఇద్దరు, స్టేషన్‌లో ముగ్గురు సిబ్బంది, మహిళా కానిస్టేబుల్ లేరు, తాళం తీయడానికి ఎనిమిది నిమిషాలు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. బాగున్నవి కూడా రాయండి. చల్లటి మంచినీళ్లు పెట్టిన స్టేషన్ కనిపిస్తే ఆ మాట రావాలి.

దెబ్బలున్న మనిషి, రికార్డులో లేని మనిషి, పిల్లవాడు కనిపిస్తే నివేదిక దాకా ఆగకూడదు. ఆ క్షణమే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికీ, ఆ ప్రాంత మేజిస్ట్రేటుకూ ఫోన్ చేయండి. మీతో మాట్లాడిన ప్రతి ఒక్కరినీ మర్నాడు కోర్టులోనో, జైల్లోనో మళ్లీ చూడండి. మాట్లాడినందుకు ఏమైనా జరిగిందేమో తెలియాలి.

నివేదిక ప్రతులు జిల్లా జడ్జికి, పోలీసు కమిషనర్‌కి లేదా జైలు సూపరింటెండెంట్‌కి, కెమెరాల సంగతైతే జిల్లా పర్యవేక్షణ కమిటీకి, హక్కుల ఉల్లంఘనైతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి పంపండి. ప్రతి లోపం పక్కన ఎవరు సరిచేయాలి, ఎప్పటిలోగా అన్నది రాయండి. కుళాయికి వారం, కెమెరా సెట్టింగుకు ఒక్క రోజు, కొత్త పోస్టులకు ఆర్నెల్లు. గడువు ముగిశాక మళ్లీ వెళ్లండి, ఈసారి వేరే షిఫ్టులో.